జీతం లేదు, మెప్పు లేదు... మోడరేటర్‌గా ఎందుకు చేస్తారు?

పెద్దక్క
మా తమ్ముడి గురించి అడుగుతున్నాను. ఆకాశం చూసే సరదా ఉన్నవాళ్ల ఆన్‌లైన్ గ్రూపు ఒకదానికి వాడు ఆరేళ్లుగా మోడరేటర్. టెలిస్కోపులు, గ్రహణాలు, తోకచుక్కలు, ఇవే అక్కడి కబుర్లు. నలభై వేల మంది దాకా ఉన్నారట. ఆఫీసు నుంచి వచ్చి, తిని, రాత్రి పదింటికి ఫోన్ పట్టుకుంటే పన్నెండు దాకా అదే లోకం. స్పామ్ తీసేస్తాడు, పోట్లాడుకునేవాళ్లను విడదీస్తాడు, అడిగిన ప్రశ్నే వందోసారి అడిగినవాడికి ఓపికగా జవాబిస్తాడు. ఒక్క పైసా రాదు. పైగా తిట్లు. ఈ మధ్య ఒకడు వాడి ఫొటో ఎక్కడి నుంచో లాగి, కింద బూతులు రాసి పది చోట్ల పెట్టాడు.

అదీ ఓర్చుకున్నాను. పోయిన నెల అమ్మకు ఆపరేషన్ అయింది. రాత్రి ఇద్దరం ఆసుపత్రి వరండాలో కూర్చున్నాం. ఒంటిగంటకు చూస్తే వీడు ఫోన్‌లో ఎవరివో కామెంట్లు తీసేస్తున్నాడు. లోపల అమ్మ అలా ఉంటే నువ్వు చేసే పని ఇదా అని అరిచేశాను. వాడేం మాట్లాడలేదు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. అప్పట్నుంచి మా ఇద్దరి మధ్య మాటలు సరిగ్గా లేవు.

నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నాను. జీతం, పేరు, కనీసం ఒక థాంక్స్ కూడా లేని పనిని మనుషులు ఏళ్ల తరబడి ఎందుకు చేస్తారు? చేసినవాళ్లుంటే చెప్పండి.

గోరింక
అధికారం అండీ. బయట ఎవరూ మాట వినని మనిషికి అక్కడ ఒక మీట దొరుకుతుంది. నొక్కితే ఎదుటివాడు మాయం. పుస్తకాలు చదివేవాళ్ల గ్రూపులోంచి నన్ను అలాగే తీసేశారు. ఎందుకని అడిగితే జవాబు లేదు. నాలుగేళ్లు రోజూ మాట్లాడుకున్న మనుషులు వాళ్లు. ఒక్కరి ఫోన్ నంబరు కూడా నా దగ్గర లేదు. మీ తమ్ముడు అలాంటివాడని అనడం లేదు, నేను చూసింది మాత్రం ఇది.

పక్కింటబ్బాయి
తోకచుక్కల గ్రూపులో కూడా పోట్లాడుకుంటారా?

పెద్దక్క
@పక్కింటబ్బాయి భూమి బల్లపరుపుగా ఉందని వాదించే పెద్దాయన ఒకరు వారానికోసారి వస్తారట. ఆయన వచ్చిన రోజు పండగే అంటాడు మా వాడు. దూరంగా పోయే ఓడ కిందనుంచి ఎలా కనుమరుగవుతుందో అందరూ తలా ఒక ఫొటో పెడతారట. ఆయన బూతులు మాట్లాడడు కాబట్టి ఎవరూ తీసేయలేదు.

రాత్రిడ్యూటీ
గోరింక గారూ, మీ విషయంలో వాళ్లు చేసింది తప్పు. కారణం చెప్పకుండా మనిషిని తీసేయకూడదు. నా సంగతి చెప్తాను, పెద్దక్క గారికి పనికొస్తుందేమో.

క్యాన్సర్ రోగుల్ని చూసుకునే కుటుంబసభ్యుల గ్రూపుకి ఐదేళ్లుగా మోడరేటర్‌ని. నాన్నకు జబ్బు చేసినప్పుడు అందులో చేరాను. ఆయన పోయాక కూడా ఉండిపోయాను. నేను దరఖాస్తు పెట్టుకోలేదు. "మీరు ఎలాగూ రోజూ ఇక్కడే కనబడుతున్నారు, సభ్యులు ఫిర్యాదు చేసిన రిపోర్టులు కూడా కాస్త చూస్తారా" అని అప్పటి మోడరేటర్ ఒకావిడ అడిగింది. నాకు తెలిసిన మోడరేటర్లలో చాలామంది ఇలా వచ్చినవాళ్లే. ముందు ఇష్టం కొద్దీ అక్కడ తిరుగుతుంటాం. ఎవరో ఒకరు తాళంచెవి చేతిలో పెడతారు.

ఏం చేస్తానో చెప్తే ఎందుకు చేస్తానో తెలుస్తుంది. పొద్దున క్యూ తెరిస్తే ఇరవై, ముప్ఫై రిపోర్టులుంటాయి. సగం ఏమీ లేనివే, ఒకరి మాట ఇంకొకరికి నచ్చక కొట్టినవి. కొన్ని దొంగ ఖాతాలు. అసలు టెన్షన్ పెట్టేవి మందులమ్మేవాళ్ల కామెంట్లు. నాలుగో స్టేజి అని ఎవరైనా రాస్తే చాలు, పది నిమిషాల్లో "మా పొడి వాడితే నయమైపోతుంది, ఇన్‌బాక్స్‌కి రండి" అంటూ వాలిపోతారు.

నేను చేరిన మొదటి ఏడాది ఒక రాత్రి అలాంటి కామెంటు తెల్లారేదాకా ఉండిపోయింది. మేమంతా నిద్రపోతున్నాం. లేచేసరికి ఆ పోస్టు పెట్టిన అమ్మాయి వాడికి డబ్బు పంపేసింది. వాళ్లమ్మగారి కీమో కూడా వాయిదా వేయించింది. ఆ కామెంటు తీయడానికి నాకు రెండు సెకన్లు పట్టేది. అప్పట్నుంచి పడుకునే ముందు ఒకసారి, మధ్యలో మెలకువ వస్తే ఒకసారి చూస్తాను.

వేపచెట్టు
పై పోస్టు చదివి గుండె బరువెక్కింది. కానీ రాత్రిడ్యూటీ గారూ, మధ్యరాత్రి లేచి చూడడం గురించి మీతో మాట్లాడాలి. తర్వాత రాస్తాను.

పాతకాపు
ఇది ఇప్పటి పని కాదు. 1979లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్‌లకు వచ్చిన ఆలోచనే యూజ్‌నెట్ అయింది, అంటే కంప్యూటర్ల మీద నడిచే చర్చా గ్రూపుల వ్యవస్థ. ఆ తర్వాతి పదేళ్లలోపే అందులో మోడరేటర్లున్న గ్రూపులు వచ్చేశాయి. అక్కడ ఎవరేం రాసినా ముందు ఒక మనిషికి మెయిల్‌గా వెళ్లేది. ఆయన చదివి సరే అంటేనే మిగతావాళ్లకు కనబడేది. సొంత ఉద్యోగం సొంతంగా చేసుకుంటూ ఆ మెయిళ్లన్నీ ఊరికే చదివేవారు.

1994 ఏప్రిల్‌లో ఇద్దరు అమెరికా లాయర్లు తమ గ్రీన్‌కార్డు లాటరీ ప్రకటనను వేల గ్రూపుల్లో కుమ్మరించారు. ఏ గ్రూపు తెరిచినా అదే. ఇక ఆ దారిలో ఎంతమంది నడిచారో లెక్కలేదు. నేను ప్రాణంగా చూసుకున్న గ్రూపుకి కాపలా లేదు. మొదట పదికి ఒకటి ప్రకటన, తర్వాత సగానికి సగం. మంచి జవాబులు రాసేవాళ్లు ఎవరికీ చెప్పకుండా ఒక్కొక్కరే లేచిపోయారు. చివరికి ప్రకటనలు ప్రకటనలతోనే మాట్లాడుకున్నాయి. అలాంటిది ఇంకోసారి చూడలేను. అందుకే ఇప్పుడు పాత రేడియోలు బాగుచేసేవాళ్ల గ్రూపుకి పదకొండేళ్లుగా కాపలా ఉంటున్నాను.

లెక్కలమాస్టారు
అందరూ ఇష్టం, సేవ అంటున్నారు. ఆ సేవ ఎవరి ఖాతాలో జమవుతోందో కూడా చూడాలి కదా.

రెడ్డిట్ అనే పెద్ద చర్చా సైటు మీద పరిశోధకులు వేసిన లెక్క 2022లో వచ్చింది. 2020లో అక్కడి మోడరేటర్లందరూ కలిసి రోజుకు కనీసం 466 గంటలు పనిచేశారు. ఆ పనికి జీతాలివ్వాల్సి వస్తే ఏడాదికి కనీసం 34 లక్షల డాలర్లు. 'కనీసం' అన్న మాట గమనించండి, సిస్టంలో నమోదైన పనుల నుంచే ఈ లెక్క కట్టారు. మోడరేటర్లు వేరే చోట కూర్చుని చర్చించుకున్న గంటలు ఇందులో లేవు.

అంతకు ముందే ఏఓఎల్ అనే అమెరికా ఇంటర్నెట్ కంపెనీ ఉంది. 90లలో వాళ్ల చాట్ రూములను వేలాది వాలంటీర్లు నడిపారు. షిఫ్టులు, రిపోర్టులు, శిక్షణ అన్నీ ఉద్యోగం లాగే. జీతం మాత్రం లేదు, ఇంటర్నెట్ చందాలో రాయితీ ఇచ్చేవారు. 1999లో కొందరు కోర్టుకెళ్లారు. పదేళ్లు నడిచి చివరికి కోటిన్నర డాలర్లకు రాజీ అయింది. పెద్దక్క గారూ, మీ తమ్ముడి మంచితనం మీద నాకు అనుమానం లేదు. ఆ మంచితనంతో ఎవరో వ్యాపారం చేస్తున్నారు.

నిలకడ
మాస్టారూ, డబ్బిస్తే ఆ పని మిగులుతుందా అని నా సందేహం. ఎడ్వర్డ్ డెసీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1971లో కాలేజీ విద్యార్థులకు పజిళ్లిచ్చి చూశాడు. మధ్యలో కొందరికి, విప్పిన ప్రతి పజిల్‌కీ డబ్బిచ్చాడు. తర్వాత డబ్బు ఆపేశాక, వాళ్లు విరామంలో పజిల్ పట్టుకునే సమయం తగ్గిపోయింది. అసలు డబ్బే తీసుకోనివాళ్లలో అలా తగ్గలేదు. ఇష్టంగా చేసే పనికి వెల కట్టగానే మనసు లెక్కలు వేసుకోవడం మొదలుపెడుతుంది.

లెక్కలమాస్టారు
@నిలకడ పజిల్ విప్పడం సరదా. పెద్దక్క గారి తమ్ముడు తన ఫొటో కింద బూతులు చదవడం సరదా కాదు. ఆ రెంటినీ ఒకే గాటన కట్టొద్దు. "డబ్బిస్తే ఇష్టం పోతుంది" అన్న మాట కంపెనీలకు ఎంత అనుకూలమో చూడండి.

పాతకాపు
మాస్టారి మాట నిజం. నా రేడియో గ్రూపు ఏ కంపెనీదీ కాదు, సర్వరు ఖర్చు మేమే తలా కొంత వేసుకుంటాం. అయినా పని అంతే ఉంది. కాబట్టి కంపెనీ ఉన్నా లేకపోయినా ఈ ప్రశ్న మిగులుతుంది.

అక్షరపిచ్చి
కంపెనీ లేని చోటు గురించి నేను చెప్తాను. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. అక్కడ మోడరేటర్ అనరు, నిర్వాహకులు అంటారు. సముదాయం చర్చించి, మద్దతు తెలిపితేనే అవుతారు. నేను నిర్వాహకుడిని కాను, మామూలు వాడుకరిని. కానీ 'ఇటీవలి మార్పులు' పేజీ తెరిచి కూర్చుంటే వాళ్ల పని కనబడుతుంది. ఎవరో ఒక వ్యాసం మొత్తం చెరిపేసి తన పేరు రాసిపోతాడు. అరగంటలో దాన్ని ఎవరో వెనక్కి తిప్పేస్తారు. దాన్ని దుశ్చర్య అంటారు, తిప్పినవాళ్లకు ఎవరూ దండ వేయరు. అక్కడి చర్చా పేజీ రచ్చబండలో ఒక్కోసారి వాదనలు పేజీలకు పేజీలు సాగుతాయి, ఒక అక్షర దోషం మీద కూడా.

వికీపీడియా స్థాపకుడు జిమ్మీ వేల్స్ 2003లోనే చెప్పాడు, నిర్వాహకుడు కావడం పెద్ద విషయమేమీ కాకూడదని. హోదాగా చూడొద్దు, చీపురు చేతికిచ్చినట్టు అనుకోండి అని దాన్ని నేను అర్థం చేసుకున్నాను. గోరింక గారు చెప్పిన మీట ఇక్కడా ఉంది. కానీ ఎవరు, ఎప్పుడు, ఎందుకు నొక్కారో చిట్టాలో ఉంటుంది, ఎవరైనా చూడొచ్చు.

గోరింక
@అక్షరపిచ్చి ఆ చిట్టా ఒక్కటి ఉండుంటే నేను ఇంత బాధపడేదాన్ని కాదు. తప్పు నాదే అయ్యుండొచ్చు. ఏ తప్పో తెలియకపోవడమే నన్ను తినేసింది. అధికారం కోసం వచ్చేవాళ్లు ఉంటారన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

పక్కింటబ్బాయి
గోరింక గారి మాట నిజమే, ఎందుకంటే నేను అలాగే వచ్చాను. పంతొమ్మిదేళ్లప్పుడు ఒక గేమ్ కమ్యూనిటీకి మోడ్ అయ్యాను. పేరు ఆకుపచ్చ రంగులో కనబడుతుందని ఒప్పుకున్నాను, అంతే. మొదటి నెల ఆ రంగు చూసుకుని మురిసిపోయాను. రెండో నెలలో నా దగ్గరి స్నేహితుడు ఒక అమ్మాయిని వెంటపడి వేధిస్తున్నాడని రిపోర్టు వచ్చింది. స్క్రీన్‌షాట్లు చూశాను. నిజమే. వాడిని బ్యాన్ చేశాను. వాడు ఇప్పటికీ నాతో మాట్లాడడు. ఆ అమ్మాయి మాత్రం ఇంకా అక్కడ ఆడుతోంది.

ఆ తర్వాత ఆ రంగు మీద మోజు పోయింది. పనిలో ఉండిపోయాను. ఎందుకొచ్చావు అంటే ఒక జవాబు, ఎందుకున్నావు అంటే ఇంకో జవాబు.

రాత్రిడ్యూటీ
@పక్కింటబ్బాయి స్నేహితుణ్ని బ్యాన్ చేయడం ఎంత కష్టమో నాకు తెలుసు. బాగా చేశావు నాయనా.

కంచెకాపరి
అధికారం కోసం వచ్చేవాడిని ఆపడానికి ఒక్కోచోట ఒక్కో పద్ధతి పెట్టుకున్నారు. 1997లో పుట్టిన టెక్నాలజీ వార్తల సైటు స్లాష్‌డాట్‌లో, కామెంట్లకు మార్కులు వేసే మోడరేషన్ పాయింట్లు మామూలు సభ్యులకే, సిస్టం ఎంచుకున్నవాళ్లకు కొన్ని రోజులపాటు వచ్చేవి. అవి అయిపోతే మళ్లీ మామూలు సభ్యులే. వాళ్ల తీర్పులు సరిగ్గా ఉన్నాయా అని ఇంకొందరు చూసేవారు. ప్రోగ్రామర్ల ప్రశ్నలు జవాబుల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లోలో మోడరేటర్లను సభ్యులు ఓటేసి ఎన్నుకుంటారు.

ఎలినార్ ఆస్ట్రమ్ పేరు వినే ఉంటారు, 2009లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆవిడ ఇంటర్నెట్ గురించి కాదు, ఉమ్మడి నీళ్లు, అడవులు, చేపల వేట గురించి పరిశోధించారు. వందల ఏళ్లు నిలిచిన ఉమ్మడి ఆస్తుల్లో కాపలా కాసేవాళ్లు ఎక్కువగా అందులో భాగం ఉన్నవాళ్లే, లేదా వాళ్లకు జవాబుదారీగా ఉన్నవాళ్లు. శిక్ష కూడా మొదటిసారి చిన్నది, మళ్లీ మళ్లీ చేస్తే పెద్దది. నా పొలంలోకి నీళ్లు రావాలంటే కాలువ ఎవరో ఒకరు చూడాలి, ఈ వారం నేను చూస్తాను. అది చదివినప్పుడు మా మొక్కల గ్రూపులో నేను చేస్తున్నదేంటో నాకు మొదటిసారి అర్థమైంది. పరోపకారమని నాకెప్పుడూ అనిపించలేదు. నాకూ ఆ నీళ్లు కావాలి.

పాతకాపు
కంచెకాపరి గారి చివరి మాట దగ్గర ఆగిపోయాను. అవును. నాకూ ఆ నీళ్లు కావాలి.

వేపచెట్టు
తర్వాత రాస్తానన్నాను కదా.

నేను ఏడేళ్లు చేసి మానేశాను. పిల్లల పెంపకం గురించిన పెద్ద గ్రూపు. చూడకూడని ఫొటోలు చూశాను, అవి ఏంటో ఇక్కడ రాయను. ఒకటి చూసిన రోజు మా పాపను ఎత్తుకోవడానికి చేతులు వణికాయి. ఎవరికి చెప్పుకోవాలి? ఇంట్లో చెప్తే "ఎవరు చూడమన్నారు" అంటారు. జీతం తీసుకుని ఇదే పనిచేసే మోడరేటర్లు తమ మనసుకు జరిగిన గాయానికి ఫేస్‌బుక్ మీద కేసు వేస్తే 2020లో కంపెనీ 5.2 కోట్ల డాలర్లకు రాజీకొచ్చింది. వాళ్లకు కనీసం కేసు వేసే దారి ఉంది. ఊరికే చేసేవాళ్లకు ఏముంది?

రాత్రిడ్యూటీ గారూ, కోపం తెచ్చుకోకండి. ఆ అమ్మాయి డబ్బు పంపిన రాత్రి నుంచి మీరు మధ్యరాత్రి లేస్తున్నారు. నా కంటికి అది భయంలా ఉంది, మీరు దాన్ని ఇష్టం అంటున్నారు. నేనూ చివరి మూడేళ్లు అలాగే ఉన్నాను. నేను లేకపోతే ఏదో ఘోరం జరుగుతుందని. మానేశాక ఏం జరిగిందో తెలుసా? ఇద్దరు కొత్తవాళ్లు వచ్చారు. గ్రూపు నడుస్తోంది. ఈ ముక్క ఎవరైనా నాలుగేళ్ల ముందు చెప్పుంటే బాగుండేది.

రాత్రిడ్యూటీ
కోపం లేదు. కాసేపు జవాబు రాయలేకపోయాను.

మీరన్నది కొంత నిజం. భయం ఉంది. కానీ ఐదేళ్లలో అదొక్కటే ఉంటే ఎప్పుడో పారిపోయేదాన్ని. పోయిన వారం ఒకాయన రాశాడు, వాళ్లావిడకు చికిత్స అయిపోయింది, స్కాన్‌లో ఏమీ లేదు అని. కింద ఆరువందల మంది రాశారు. అందులో సొంతవాళ్లను పోగొట్టుకున్నవాళ్లు కూడా ఉన్నారు. ఆ పేజీలో ఒక్క మందులవాడు లేడు, ఎందుకంటే మేము నలుగురం ఆ రోజంతా వంతులేసుకుని చూశాం. ఆ పేజీ ఆయన వాళ్లావిడకు చూపించి ఉంటాడు.

అయినా మధ్యరాత్రి సంగతి మా వాళ్లతో మాట్లాడతాను. మాలో ఒకరికి అప్పుడు పగలు.

వేపచెట్టు
తప్పకుండా మాట్లాడండి. ఆ ఒక్కటీ చేస్తే చాలు నాకు.

లెక్కలమాస్టారు
వేపచెట్టు గారి పోస్టు చదివాక నా మాట మీద ఇంకా గట్టిగా నిలబడుతున్నాను. జీతం వద్దంటే వద్దు, కనీసం పనిముట్లు ఇవ్వాలి కదా. రెడ్డిట్‌లో ఆటోమోడరేటర్ అనే బాట్‌ని, అంటే రూల్స్ ప్రకారం తనంతట తానే పోస్టులు చూసే ప్రోగ్రాముని, మొదట తయారుచేసింది కంపెనీ కాదు, ఒక మోడరేటర్ తన తీరిక సమయంలో రాసుకున్నాడు. తర్వాత కంపెనీ కలుపుకుంది. 2023లో బయటి యాప్‌లకు పెద్ద రుసుము పెట్టినప్పుడు చాలామంది మోడరేటర్లు రోజూ వాడే యాప్‌లు మూతపడే పరిస్థితి వచ్చింది. జూన్ 12 నుంచి వేల కమ్యూనిటీలను మూసి నిరసన చెప్పారు. అదే నెలలో స్టాక్ ఓవర్‌ఫ్లో మోడరేటర్లూ పని ఆపారు. ఏఐ రాసిన జవాబులను తీసేయకుండా కంపెనీ తమ చేతులు కట్టేసిందని.

గోరింక
@లెక్కలమాస్టారు ఆ మూసివేతలో మామూలు సభ్యులను ఎవరు అడిగారు? పరీక్షకు చదువుకుంటూ పాత జవాబులు వెతుక్కునే పిల్లలకు ఆ రెండు రోజులు తలుపు మూసుకుపోయింది. మళ్లీ అదే, మీట వాళ్ల చేతిలో ఉంది.

కంచెకాపరి
కొన్ని చోట్ల ఓటు పెట్టే మూశారు, కొన్ని చోట్ల పెట్టలేదు. పెట్టని చోట మీ కోపం న్యాయమే. కానీ ఒకటి చూడండి. జీతం లేనివాళ్లు పని మానేయాలంటే మానేసి వెళ్లిపోవచ్చు, ఎవరూ ఆపరు. వాళ్లు వెళ్లలేదు. ఉండి కొట్లాడారు.

గోరింక
ఊఁ. అది ఆలోచించాల్సిన మాటే.

అక్షరపిచ్చి
గోరింక గారి బాధకు దగ్గరది ఒకటి గుర్తొచ్చింది. నేథన్ మటియాస్ అనే పరిశోధకుడు రెడ్డిట్‌లోని సైన్స్ కమ్యూనిటీతో కలిసి ఒక ప్రయోగం చేశాడు, 2019లో అచ్చయింది. కొన్ని చర్చల పైన రూల్స్ కనబడేట్టు పెట్టారు, కొన్నింటికి పెట్టలేదు. పెట్టిన చోట కొత్తవాళ్లు రూల్స్ పాటించడం 8 శాతం పాయింట్లకు పైగా పెరిగింది. భయపడి పారిపోతారనుకుంటాం కదా, కొత్తగా మాట్లాడినవాళ్లు సగటున 70 శాతం పెరిగారు. ఏం తప్పో ముందే తెలిస్తే మనిషి ధైర్యంగా మాట్లాడతాడు.

గోరింక
ఇది నన్ను తీసేసిన గ్రూపువాళ్లకు పంపాలని ఉంది. పంపే దారే లేదు!

పక్కింటబ్బాయి
ఇటివ్వండి గోరింక గారూ, మా గేమ్ కమ్యూనిటీలో పెట్టిస్తాను. మా రూల్స్ ఎక్కడున్నాయో వెతకడానికి మ్యాప్ కావాలి.

నిలకడ
పెద్దక్క గారు అడిగిన అసలు ప్రశ్న వైపు మళ్లీ వస్తాను. క్లేరీ, స్నైడర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు సహచరులతో కలిసి 1998లో వాలంటీర్ల మీద చేసిన పరిశోధన ఉంది. మనుషులు ఊరికే పనిచేయడానికి ఆరు రకాల కారణాలు కనబడ్డాయి. నమ్మిన విలువలు, కొత్తవి నేర్చుకోవడం, నలుగురితో కలవడం, ఉద్యోగానికి పనికొచ్చే అనుభవం, తన మీద తనకు గౌరవం పెరగడం, ఇవన్నీ మనకు తెలిసినవే. ఆరోది ఎవరూ బయటకు చెప్పరు. సొంత కష్టం నుంచి, తప్పు చేస్తున్నామన్న భావం నుంచి కాసేపు తలదాచుకోవడం. ఇంకొకరికి పనికొచ్చే పని చేస్తున్నంతసేపు మన బరువు కాస్త తేలికవుతుంది.

ఆసుపత్రి వరండా సంగతి చదివినప్పటి నుంచి నాకు ఇదే గుర్తొస్తోంది. తప్పయితే క్షమించండి.

పెద్దక్క
రెండు రోజులుగా అన్నీ చదువుతున్నాను. నిలకడ గారూ, మీ పోస్టు మూడుసార్లు చదివాను. ఆ రాత్రి వాడిని నేను ఏమీ అడగలేదు, అరిచాను. ఇప్పుడు ఎలా అడగాలో తెలియడం లేదు.

రాత్రిడ్యూటీ
"ఎందుకు చేస్తున్నావు" అని అడగకండి. ఆ మాట వినగానే సంజాయిషీ చెప్పుకోవాలేమో అనిపిస్తుంది, ఎన్నిసార్లు విన్నానో నేను. "ఆ రాత్రి ఏం జరిగింది అక్కడ" అని అడగండి.

వేపచెట్టు
అవును. నన్ను ఏడేళ్లలో ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు.

పెద్దక్క
అడిగాను.

రాత్రి అన్నం తినేటప్పుడు అడిగాను. వాడు కాసేపు పళ్లెంలోకి చూస్తూ ఉండిపోయాడు. తర్వాత ఫోన్ తెచ్చి ఆ రాత్రి పోస్టు తీశాడు. పదమూడేళ్ల పిల్లాడు మొదటిసారి శనిగ్రహం ఫొటో తీసి పెట్టాడు. మసకగా, పక్కకు సాగిన చుక్కలా ఉంది. కింద ఇద్దరు పెద్దవాళ్లు వాడిని ఎగతాళి చేస్తూ రాశారట, టెలిస్కోపు అమ్ముకుని బొంగరాలాడుకోమని. పిల్లాడు "సారీ, తీసేస్తాను" అని రాశాడు. ఆ మాట తమ్ముడి కంట పడింది. ఆ రెండు కామెంట్లూ తీసేశాడు. వాళ్లిద్దరికీ హెచ్చరిక పంపాడు. పిల్లాడికి ఫొటో కదలకుండా ఎలా తీయాలో రాయడం మొదలుపెట్టాడు. సగంలో ఉండగా నేను అరిచాను.

"లోపల డాక్టర్లు ఉన్నారక్కా. నేను చేయగలిగింది ఏమీ లేదు. నా కాళ్లు చేతులు ఆడటం లేదు. ఆ పిల్లాడి విషయంలో మాత్రం ఏం చేయాలో నాకు తెలుసు" అన్నాడు.

మిగతా సగం మర్నాడు పొద్దున, అమ్మను వార్డుకి మార్చాక రాశాడట. పిల్లాడు పోస్టు తీసేయలేదు.

నిలకడ
అమ్మగారు ఎలా ఉన్నారు ఇప్పుడు?

పెద్దక్క
బాగున్నారు నిలకడ గారూ. కుట్లు ఆరాయి. మెల్లగా నడుస్తున్నారు.

లెక్కలమాస్టారు
సంతోషం అమ్మా. తమ్ముడి ఫొటో వాడుకుని బూతులు పెట్టినవాడి సంగతి మాత్రం వదలొద్దు. స్క్రీన్‌షాట్లు, లింకులు, తేదీలు దాచిపెట్టి ఉంచమనండి. ఊరికే పనిచేసేవాడు ఊరికే తిట్లు తినాలని ఎక్కడా లేదు.

వేపచెట్టు
ఇంకొకరిని తోడు తెచ్చుకోమని కూడా చెప్పండి. నలభై వేల మందికి రాత్రిపూట ఒక్కడా?

పెద్దక్క
ముగ్గురున్నారట, ఇద్దరు ఈ మధ్య రావడం మానేశారు. కొత్తవాళ్లను అడుగుతానన్నాడు. ఈ చర్చ మొత్తం వాడికి చూపించాను. గోరింక గారి పోస్టు చదివి, తమ గ్రూపులో బ్యాన్ చేసినప్పుడు కారణం రాసి పంపుతున్నారో లేదో చూస్తానన్నాడు.

గోరింక
అది చాలండీ నాకు. ఆయనకు నా థాంక్స్ చెప్పండి.

పక్కింటబ్బాయి
శని ఫొటో కదలకుండా ఎలా తీయాలో ఆ పిల్లాడికి రాసింది ఇక్కడ కూడా పెడతారా? మా ఇంట్లో చిన్న టెలిస్కోపు ఒకటి అటక మీద ఉంది.

పెద్దక్క
అడిగి రాస్తున్నాను. ఫోన్‌ని చేత్తో పట్టుకోవద్దట. కన్ను పెట్టి చూసే కటకానికి ఫోన్ బిగించే చిన్న పట్టీ దొరుకుతుందట, అది వాడమన్నాడు. టైమర్ రెండు సెకన్లు పెట్టి, నొక్కి, చెయ్యి తీసేయాలి. గ్రహం మరీ తెల్లగా వెలిగిపోతుంటే వెలుగు తగ్గించుకోవాలి. ఫొటో కంటే వీడియో మేలట. ఒక నిమిషం వీడియో తీసి అందులో గాలి నిలకడగా ఉన్న క్షణాల ఫ్రేములు ఏరి కలిపితే వలయాలు విడిగా కనబడతాయట.

ఇంకేమైనా అడగాలంటే ఇప్పుడే అడుగు బాబూ, వాడు నా పక్కనే కూర్చున్నాడు.